పాత అమెరికన్ మజిల్ కారు: ఇంటి గ్యారేజీలో పునరుద్ధరణ

మజిల్ కారు అన్నది 1960ల మధ్య నుంచి 1970ల తొలి ఏళ్ల దాకా అమెరికాలో వచ్చిన రెండు తలుపుల కార్ల తరగతికి స్థిరపడిన పేరు. మధ్య సైజు బాడీలో పెద్ద కార్ల కోసం చేసిన వీ8 ఇంజను బిగించి, సామాన్య ఉద్యోగి వాయిదాల మీద కొనుక్కోగల ధరకు అమ్మడం ఈ తరగతి లక్షణం. వాటిలో మిగిలిన కార్లను విప్పి, తుప్పు తొలగించి, ఇంజను పని చేయించి, రంగు వేసి మళ్లీ రోడ్డెక్కించడమే పునరుద్ధరణ. అమెరికాలో ఇందుకు పేరుమోసిన వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి. అయినా ఈ వ్యాసంగాన్ని నిలబెట్టినవారు ఇంటికి ఆనుకుని ఉండే గ్యారేజీలో, సెలవు రోజుల్లో, సొంత చేతులతో పని చేసుకున్నవారే.

ఇంట్లో ఈ పని సాధ్యపడటానికి కారణం ఆ కార్ల నిర్మాణంలోనే ఉంది. వాటిలో కంప్యూటర్లు లేవు. గాలినీ పెట్రోలునూ కార్బ్యురేటర్ కలుపుతుంది, స్పార్కు ఎప్పుడు పుట్టాలో డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు తేలుస్తాయి. బానెట్ ఎత్తితే ఇంజనుకు రెండు పక్కలా చెయ్యి దూరే చోటుంటుంది. లక్షల్లో తయారైన మోడళ్లు కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా అచ్చు వేస్తున్నారు. అయితే సులువుగా విప్పగలిగిన కారు సులువుగా బాగుపడుతుందని అనుకోవడం పొరపాటు. విప్పి మధ్యలో వదిలేసిన కార్లు, అట్టపెట్టెల నిండా నట్లు బోల్టులతో సహా, అమ్మకానికి ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. చూసేవారికి ముందుగా తగిలేవి రంగు, ఇంజను చప్పుడు. కారు ఆయుష్షునూ విలువనూ తేల్చేవి మాత్రం రేకు, రికార్డు. ఈ వ్యాసంలో ఆ రెంటికే ఎక్కువ చోటు. 1967–69 షెవర్లే కమారోను ప్రధాన ఉదాహరణగా తీసుకుని, అవసరమైనచోట ఇతర కంపెనీల కార్ల సంగతి కలుపుతున్నాం.

ఈ కార్లు, వాటి కాలం

1964 మోడల్ పాంటియాక్ జీటీఓతో ఈ తరగతి మొదలైందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మధ్య సైజు కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ నియమం. ఆ సంస్థలోని పాంటియాక్ విభాగపు చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్ బృందం 389 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.4 లీటర్ల ఇంజనును కొత్త మోడల్‌గా కాకుండా, టెంపెస్ట్ లెమాన్స్ కారుకు అదనపు ప్యాకేజీగా చేర్చి ఆ నియమాన్ని దాటింది. మొదటి ఏడాదే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైంది. దాని తొలి ఏడాది అమ్మకాలు 4 లక్షలు దాటాయి. దానికి పోటీగా జనరల్ మోటార్స్‌కే చెందిన షెవర్లే 1966 సెప్టెంబరులో కమారోను తెచ్చింది. నిక్కచ్చిగా చూస్తే మస్టాంగ్, కమారోలు పోనీ కార్లు, అంటే మధ్య సైజు కన్నా చిన్నవి. వాటిలో పెద్ద ఇంజనున్న రకాలను మజిల్ కార్లతో కలిపే లెక్కిస్తారు.

ఇక శక్తి కోసం పోటీ పెరిగింది. క్రైస్లర్ 1966లో 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజనును 425 అశ్వశక్తితో రోడ్డు కార్లకు ఇచ్చింది. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454లో ఎల్ఎస్6 ఇంజనుకు కంపెనీ ప్రకటించిన శక్తి 450. ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. బీమా కంపెనీలు ఈ కార్లు నడిపే యువకుల ప్రీమియం బాగా పెంచాయి. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. తక్కువ ఆక్టేన్ పెట్రోలుకు సరిపోయేలా 1971 మోడళ్లలో జనరల్ మోటార్స్ కంప్రెషన్ తగ్గించింది. 1972 నుంచి శక్తిని నికర పద్ధతిలో ప్రకటించడంతో అంకెలు కాగితం మీద కూడా పడిపోయాయి. 1973 చమురు సంక్షోభంతో కథ దాదాపు ముగిసింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఇవి పాత సామాను ధరకు చేతులు మారాయి. పెరళ్లలో, పొలాల గట్ల మీద, కొట్టాల్లో ఎండకూ వానకూ వదిలేసినవి లెక్కలేనన్ని. ఇప్పుడు గ్యారేజీలకు చేరుతున్నవి ఎక్కువగా ఆ కార్లే.

ఎంత చేయాలి

విప్పడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. కారును ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నట్టే నిలబెట్టాలనుకోవడం ఒక మార్గం. పోటీల్లో న్యాయనిర్ణేతల ముందు పెట్టే కార్లకు ఈ దారే. బాడీని పూర్తిగా ఒలిచి, తిరిగే స్టాండు మీద ఎక్కించి అడుగు కూడా పైకి తిప్పి పని చేస్తారు. రెండో మార్గం వారాంతాల్లో నడుపుకోవడానికి తగినట్టు బాగుచేసుకోవడం. బ్రేకులు, రేడియల్ టైర్లు, వైరింగు మెరుగుపరుచుకుని, మిగతాది పాత పద్ధతిలోనే ఉంచుతారు. మూడోది పాత బాడీలో కొత్త తరం ఇంజను, సస్పెన్షను దింపడం. దీన్ని అక్కడ రెస్టోమాడ్ అంటారు. ఇవికాక నాలుగో దారి ఉంది. అసలు రంగు, అసలు సీటు గుడ్డ, అసలు రేకు చాలావరకు మిగిలిన కారును శుభ్రం చేసి, యాంత్రిక భాగాలు సరిచూసి, అక్కడితో ఆపడం. కొత్తవారు దీన్ని బద్ధకం అనుకుంటారు. అనుభవజ్ఞులు దీనికే ఎక్కువ విలువ ఇస్తారు. కారణం తేలికే: కొత్త రంగు ఎన్నిసార్లైనా వేయవచ్చు, ఫ్యాక్టరీ రంగు ఒక్కసారే ఉంటుంది.

ఏ దారైనా మంచిదే. దారి ఎంచుకోకుండా మొదలుపెట్టడమే నష్టం. నడుపుకోవడానికని మొదలుపెట్టి మధ్యలో పోటీకి పెడదామనుకున్నవారు అప్పటికే అసలు భాగాలు కొన్ని పారేసి ఉంటారు.

కాగితాలు, నంబర్లు

ఒకే రకం కారులో ఆరు సిలిండర్ల మామూలు రకానికీ అరుదైన పెద్ద ఇంజను రకానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. అందువల్ల మామూలు కారుకు బ్యాడ్జీలు తగిలించి అరుదైనదిగా అమ్మే నకళ్లు పుట్టుకొచ్చాయి. 1969 కమారో ఇందుకు మంచి పాఠం. ఆ కారు వాహన గుర్తింపు సంఖ్య, మన వాడుకలో చాసిస్ నంబరు, 123తో మొదలైతే ఆరు సిలిండర్లు, 124తో మొదలైతే వీ8. ఎన్ అక్షరం ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీని, ఎల్ అక్షరం లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ ఫ్యాక్టరీని సూచిస్తాయి. ఇంతవరకే. కారు ఎస్ఎస్ రకమా, రేసుల కోసం రూపొందించిన జెడ్/28 రకమా అన్నది ఆ నంబరు చెప్పదు. జెడ్/28 ఆ ఏడాది 20,302 తయారయ్యాయి. అంతకన్నా ఎక్కువ నేడు రోడ్డు మీద ఉన్నాయేమో అన్నంతగా నకళ్లు ఉండటానికి ఈ లోటే మూలం.

అందుకని ఇతర ఆనవాళ్లు వెతకాలి. ఇంజను గది వెనుక గోడకు రివెట్లతో బిగించిన చిన్న పలక మీద బాడీ రంగు, సీటు రంగు, తయారైన వారం ఉంటాయి. నార్వుడ్‌లో 1968 డిసెంబరు నుంచి ఆ పలక మీద ఎక్స్33, ఎక్స్77 వంటి సంకేతాలు వేశారు. ఆ రెండూ జెడ్/28ను సూచిస్తాయి. వాన్ నైస్ కార్ల పలకలకు ఆ సంకేతాలు లేవు. అసలు కొనుగోలుదారుకు వారంటీ పుస్తకంతో ఇచ్చిన చిన్న లోహపు రేకు దొరికితే అది బలమైన ఆధారం. ఇంజను కుడి సిలిండర్ హెడ్ ముందున్న చదునైన చోట ఇంజను తయారైన తేదీ, దాని రకం అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. పోతపోసిన భాగాల మీద తేదీ సంకేతాలు వేరుగా ఉంటాయి. షెవర్లే పోతల మీద ఏ అక్షరం జనవరిని, ఎల్ డిసెంబరును సూచిస్తాయి. కారు తయారైన తేదీకి కాస్త ముందు పోతపోసిన ఇంజను అయితే నమ్మకం కుదురుతుంది, తర్వాత పోతపోసినది అయితే అది ఆ కారుతో పుట్టింది కాదు.

కంపెనీల రికార్డులు కొన్ని బతికి బయటపడ్డాయి. పాంటియాక్ కార్ల బిల్లింగ్ రికార్డులు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ దగ్గర దొరుకుతాయి. 1967 నుంచి ఫోర్డ్ కార్ల ఉత్పత్తి సమాచారం మార్టీ రిపోర్టు రూపంలో లభిస్తుంది. అమెరికాలో తయారైన షెవర్లేలకు అలాంటి ఖజానా లేదు. అందుకే వాటి విషయంలో నంబర్లు చదవడం ఇంత పెద్ద విద్య అయింది. క్రైస్లర్ కార్లలో అసెంబ్లీ లైను మీద కార్మికులు చూసుకున్న కాగితం సీటు స్ప్రింగుల మధ్య, గ్లవ్ బాక్సు పైన ఇరుక్కుని ఉండిపోవడం మామూలే. షెవెల్ వంటి కార్లలో ఆ కాగితం పెట్రోలు ట్యాంకు పైన దొరుకుతుంది. ఎలుకలు కొరికిన, చెమ్మకు ముద్దయిన ఆ కాగితం ముక్క ఒక కారు చరిత్రనంతా చెప్పగలదు. సీటు ఊడదీసి చెత్తబుట్టలో పడేసే ముందు స్ప్రింగుల మధ్య వెతకాలి. నంబర్ల విషయంలో ఒక హెచ్చరిక: ఒక కారు చాసిస్ నంబరు పలక తీసి మరో బాడీకి తగిలించి అమ్మడం అమెరికాలో నేరం.

విప్పడం

విప్పడం తేలిక, వేగం, ఉత్సాహం. చాలా కార్లకు ముప్పు వచ్చేది ఇక్కడే. ప్రతి భాగాన్నీ విప్పకముందు, విప్పుతున్నప్పుడు ఫొటో తీయాలి. బోల్టులను సంచుల్లో వేసి పేర్లు రాయాలి. తలుపులకు, ఫెండర్లకు వెనుక పెట్టిన పలుచని బిళ్లలను ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. తలుపుల సందులు మళ్లీ సమంగా రావాలంటే అవే ఆధారం. కొత్త భాగం చేతికొచ్చి, బిగించి, సరిపోయిందని చూసేదాకా పాతది పారేయరాదు. అచ్చువేసిన కొత్త భాగం రంధ్రాలు పాతదానితో కలవకపోవడం రోజూ జరిగేదే.

ప్రాణాపాయం పొంచి ఉన్న ఘట్టాలు కొన్ని ఉన్నాయి. జాకీ మీద మాత్రమే ఆనించిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, గట్టి స్టాండ్లు తప్పనిసరి. కమారో, షెవెల్ కార్ల ముందు చక్రాల కాయిల్ స్ప్రింగులు అమితమైన ఒత్తిడిలో ఉంటాయి. తగిన పరికరంతో బిగించి పట్టకుండా కింది బాల్ జాయింటు విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా బయటికి దూసుకొస్తుంది. క్రైస్లర్ కార్లలో ఆ చోట పొడవాటి టార్షన్ కడ్డీలుంటాయి. వాటి బిగింపు సడలించాకే తీయాలి. చిన్న షెవర్లే వీ8 ఇంజను ఒక్కటే సుమారు 260 కిలోలు. దాన్ని దించడానికి హాయిస్టు అద్దెకు తెచ్చుకోవడం మేలు, పైకప్పు దూలానికి వేలాడదీసే ప్రయత్నం వద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ఆ ధూళిని గాలి పైపుతో ఊదకూడదు, తడిపి తుడవాలి.

రేకు పని

బాడీ తీరునుబట్టి పని మారుతుంది. జీటీఓ, షెవెల్ కార్లలో బాడీ వేరు, కింద ఫ్రేము వేరు. బోల్టులు విప్పి బాడీని పైకెత్తవచ్చు. మస్టాంగ్‌లోనూ క్రైస్లర్ వారి డాడ్జ్, ప్లిమత్ కార్లలోనూ బాడీయే ఫ్రేము, అడుగు రేకు తుప్పు పడితే కారు బలమే పోతుంది. కమారోది మధ్యేమార్గం. ముందు భాగంలో బోల్టులతో బిగించిన చిన్న ఫ్రేము, వెనకంతా ఒకటే బాడీ. ఆ ముందు ఫ్రేమును తిరిగి బిగించేటప్పుడు మూలమూలా కొలతలు కొలిచి, దానిలోనే ఉన్న గుర్తు రంధ్రాలతో కుదర్చకపోతే కారు జీవితాంతం ఒక పక్కకు లాగుతుంది.

తుప్పు ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారు కారు చుట్టూ ఒక్కసారి తిరిగి ధర చెప్పగలరు. ముందు అద్దం కింద గాలి లోపలికి వచ్చే పెట్టెలో ఆకులు, మట్టి చేరి నీళ్లు నిలుస్తాయి. 1960ల మస్టాంగ్‌లలో అక్కడ చిల్లి పడి వాన నీరు నేరుగా డ్రైవరు కాళ్ల మీద పడుతుంది. తర్వాత వెనుక అద్దం కింది మూలలు, డిక్కీ పక్కల పల్లాలు, వెనుక చక్రాల పైని అంచులు, ముందు ఫెండర్ల వెనుక కొసలు, తలుపుల కింది గడపలు. పైకప్పుకు వినైల్ అతికించిన కార్లలో దాని కింద చెమ్మ ఏళ్ల తరబడి నిలిచి రేకును తినేస్తుంది. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ ప్రాంతాల కార్లకూ ఎడారి గాలిలో బతికిన అరిజోనా కార్లకూ పోలికే లేదు. ఎండకు చిట్లిన సీట్లు, పెళుసైన డ్యాష్‌బోర్డు ఉన్న అరిజోనా కారు కొనడం, నిగనిగలాడే రంగు కింద కుళ్లిన అడుగున్న కారు కొనడం కన్నా వెయ్యి రెట్లు నయం. పుట్టీ కింద ఏముందో మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టుకుంటే తెలుస్తుంది, మందంగా పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు.

రంగు ఒలవడానికి రసాయనం, గరుకు చక్రం, బ్లాస్టింగు, మొత్తం బాడీని రసాయనంలో ముంచడం అని పద్ధతులున్నాయి. చదునైన బానెట్, పైకప్పు, తలుపుల మీద ఇసుకతో బ్లాస్టింగు చేయిస్తే రేకు సాగి అలలు తేలుతుంది, ఆ నష్టం సరిదిద్దడం చాలా కష్టం. అక్కడ సోడా, ప్లాస్టిక్ గుళికల వంటి మెత్తటివి వాడాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్ది ధూళి రేపడం ఇంట్లో పిల్లలకు కూడా ప్రమాదం. ఒలిచిన రేకుకు గాలి తగిలితే గంటల్లోనే పలుచటి తుప్పు పూస్తుంది. అందుకే వెంటనే ఎపాక్సీ ప్రైమరు వేస్తారు.

తుప్పు తిన్న భాగాన్ని కోసి కొత్త రేకు అతకడమే అసలు చికిత్స. పైన ఫైబర్ గుడ్డ పరిచి పుట్టీ పూస్తే రెండు మూడేళ్లలో బుడగలు పైకి తేలతాయి. గడపలు గాని అడుగు గాని కోసే ముందు తలుపు ఖాళీలో ఇనుప పైపులు అడ్డంగా వెల్డు చేసి బాడీని కదలకుండా కట్టాలి. లేకుంటే బాడీ వంగి, ఆ తర్వాత తలుపు మూసుకోదు. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డులను ప్రత్యేకమైన డ్రిల్లు బిట్టుతో ఒక్కొక్కటీ తొలిచి పాత రేకు విడదీస్తారు. కొత్త రేకులో రంధ్రాలు చేసి, ఆ రంధ్రాల గుండా వెల్డు నింపి అతుకుతారు. ఇంటి గ్యారేజీలకు మిగ్ వెల్డింగు అనువైనది: 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. మిల్లీమీటరు మందం రేకు మీద ఏకధాటిగా గీత లాగితే అది వేడికి ముడుచుకుపోతుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకో చుక్క జానెడు దూరంలో, చల్లారనిచ్చి మధ్యలో మరో చుక్క, ఇలా ఓపికగా నింపుకుంటూ రావాలి. వెనుక క్వార్టర్ ప్యానెల్ పైకప్పుతో కలిసేచోట ఫ్యాక్టరీలో సీసం కరిగించి పూశారు. పూర్తి ప్యానెల్ మార్చాలంటే ముందు ఆ సీసాన్ని వేడి చేసి తీసేయాలి, ఆ పొగ పీల్చకూడదు.

తెలుగునాట టింకరింగు షెడ్లలో పెరిగిన పనివారికి ఇందులో చాలా భాగం చేతి విద్యే. అమెరికాలో ఆ విద్య నేర్చుకునేందుకు చాలామంది ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీల సాయంత్రం తరగతులకు వెళతారు. కొత్తవారు కారు మీద చెయ్యి పెట్టే ముందు పాత బానెట్ ముక్కల మీద వెల్డింగు సాధన చేయడం ఉత్తమం. మొత్తం పునరుద్ధరణలో సగానికి పైగా కాలం రేకు పనికే పోతుందని అనుకుని బయల్దేరినవారు నిరాశపడరు.

ఇంజను

రేకుతో పోలిస్తే ఇంజను పని పుస్తకం ప్రకారం నడుస్తుంది. విప్పి, కడిగి, కొలవడం ఇంట్లో చేయవచ్చు. బోరు కొట్టడం, క్రాంకు సానపట్టడం, పగుళ్లు పరీక్షించడం మెషీన్ షాపు పని. సిలిండర్లు అరిగి ఉంటే 0.030 అంగుళం, అంటే 0.76 మిల్లీమీటరు పెద్ద బోరు చేయించి ఆ సైజు పిస్టన్లు వేయించడం మామూలు. బ్లాకు పైభాగాన్ని చదును చేయించే ముందు మెషీన్ షాపుకు గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. ఇంజను నంబరు అచ్చువేసిన చోటు ఆ చదును మీదే ఉంటుంది. ఆ యంత్రం ఒక్కసారి దాటితే అసలు ఇంజను అని చెప్పే ఆధారం శాశ్వతంగా చెరిగిపోతుంది. మంచి ఉద్దేశంతో ఇంజను పని చేయించుకుని రికార్డు పోగొట్టుకున్న కార్లు చాలా ఉన్నాయి.

ఈ ఇంజన్లు పుట్టిన కాలానికీ నేటికీ పెట్రోలు, ఆయిలు రెండూ మారాయి. అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు 1996 జనవరి 1 నుంచి నిషిద్ధం. సీసం ఆ కాలపు మెత్తటి ఎగ్జాస్టు వాల్వు సీట్లను కాపాడేది. అందుచేత హెడ్ పని చేయించినప్పుడే గట్టి సీట్లు వేయించుకుంటారు. 11:1 కంప్రెషన్ ఉన్న ఇంజన్లకు నేటి బంకు పెట్రోలు చాలదు, నాకింగు వస్తుంది. పిస్టన్లు మార్చి కంప్రెషన్ తగ్గించుకోవడం నడిపేవారికి మంచి పరిష్కారం. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు, పంపులోని పొర మెత్తబడి చిరుగుతాయి, అవన్నీ కొత్త రకానివి వేయాలి. ఆయిలు సంగతి మరింత సున్నితం. ఈ ఇంజన్లలో క్యామ్ షాఫ్టు మీద చదునైన ట్యాపెట్లు రుద్దుకుంటూ తిరుగుతాయి. వాటిని కాపాడే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం కొత్త కార్ల ఆయిళ్లలో బాగా తగ్గింది, కాబట్టి అది తగినంత ఉన్న ఆయిలే పోయాలి. కొత్త క్యామ్ వేసిన ఇంజను మొదటిసారి అంటుకోగానే ఐడిల్‌లో వదలకుండా, నిమిషానికి 2,000 చుట్లకు పైగా 20 నిమిషాలకు తక్కువ కాకుండా నడపాలి. అందుకని టైమింగు, పెట్రోలు, నీళ్లు, ఆయిల్ ప్రెషరు అన్నీ ముందే సరిచూసుకోవాలి. షెవర్లే వీ8 ఫైరింగ్ క్రమం 1-8-4-3-6-5-7-2. ప్లగ్గు వైర్లు తారుమారు కావడం మొదటి స్టార్టులో ఎక్కువగా జరిగే తప్పు.

గేరుబాక్సు, బ్రేకులు, వైరింగు

ఈ కార్ల గేరుబాక్సులు, వెనుక ఇరుసులు దృఢమైనవి. మన్సీ నాలుగు గేర్ల బాక్సు, క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు వంటివాటికి భాగాలన్నీ దొరుకుతాయి. కమారో మొదటి ఏడాది వెనుక చక్రాలకు ఒకే పట్టీ ఉన్న స్ప్రింగులు వేశారు. గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే ఇరుసు ఎగిరిపడేది. 1968లో శక్తిమంతమైన రకాలకు పలు పట్టీల స్ప్రింగులు ఇచ్చి, షాక్ అబ్సార్బర్లను ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు అమర్చారు. నడుపుకునేవారు 1967 కారుకు ఈ మార్పు చేసుకోవడం సబబే.

శక్తికి తగిన బ్రేకులు ఆనాడు లేవు. చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, 1966 దాకా అనేక మోడళ్లలో మాస్టర్ సిలిండరుకు ఒకే గొట్టపు మార్గం. ఎక్కడ చిన్న లీకు వచ్చినా బ్రేకు మొత్తం పోతుంది. కారును పోటీకి పెట్టడం లేదంటే రెండు మార్గాల సిలిండరు, ముందు చక్రాలకు డిస్కులు వేసుకోవడం మీద రెండో ఆలోచన అక్కర్లేదు. తుప్పుపట్టిన బ్రేకు గొట్టాలను అతికించి వాడటం క్షమించరానిది.

వైరింగు కట్టలు కారుకు తగిన రంగులతో, ప్లగ్గులతో కొత్తవి దొరుకుతున్నాయి. పాత క్రైస్లర్ కార్లలో చార్జింగు కరెంటంతా ఇంజను గది గోడలోని కనెక్టరు గుండా డ్యాష్‌బోర్డులోని ఆమీటరుకు వెళ్లి వస్తుంది. ఆ కనెక్టరు వేడెక్కి కరిగి నిప్పంటుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి కాబట్టి దాన్ని ముందే విప్పి చూడాలి. సీట్ల గుడ్డ, కార్పెట్, పైకప్పు లైనింగు సిద్ధంగా కుట్టినవే వస్తాయి, వాటిని ఎక్కించడం నిదానంగా చేయవలసిన పని.

రంగు

జనరల్ మోటార్స్ ఆ కాలంలో యాక్రిలిక్ లాకరు వాడింది, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామిల్ వాడాయి. ఇప్పుడు ఎక్కువమంది రంగు పొర మీద పారదర్శక పొర వేసే రెండు భాగాల యూరథేన్‌కు మారారు. అందం అంతా కిందున్న చదునులో ఉంది. నల్లటి పలుచని పొర చల్లి, పొడవాటి చెక్కబ్లాకుకు ఎమెరీ కాగితం చుట్టి ఏటవాలుగా రుద్దితే ఎత్తు పల్లాలు బయటపడతాయి. అది తృప్తి కలిగేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. ముదురు రంగు ఏ లోపాన్నీ దాచదు.

యూరథేన్ గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి వాసన తెలియకుండానే ఊపిరితిత్తులను దెబ్బతీసి, జీవితాంతం వేధించే ఉబ్బసం తెప్పించగలవు. మామూలు మాస్కు, కార్బన్ మాస్కు దీనికి చాలవు, బయటి నుంచి గాలి అందించే ముసుగు కావాలి. ఆ ఏర్పాటు లేనివారు చదును పనంతా ఇంట్లో పూర్తిచేసి, చివరి రంగు మాత్రం బూతు ఉన్న షాపులో వేయించుకోవాలి. అదేమీ తక్కువతనం కాదు.

అతిగా మెరిపించడం మరో తప్పు. అసలు కార్లు గంటకు పదుల సంఖ్యలో లైను మీదుగా వెళ్లినవి. అడుగున రంగు చల్లినట్టు పడి ఉండేది, ఇరుసు మీద, స్టీరింగు పెట్టె మీద తనిఖీదారు రంగు చాక్‌పీసుతో గీసిన గుర్తులు ఉండేవి, కొన్ని బోల్టులకు అసలు రంగే లేదు. నిజాయితీ గల పునరుద్ధరణలో వీటిని ఫొటోలు తీసి, కొలిచి, తిరిగి అలాగే వేస్తారు. ఇటీవలి పోటీల్లో ఇలాంటి కార్లకే గౌరవం పెరగడం హర్షించదగిన మార్పు.

విడిభాగాలు, ఖర్చు

1969 కమారోకు ఇప్పుడు బాడీ మొత్తం కొత్తగా అచ్చువేసి అమ్ముతున్నారు. డైనాకార్న్ సంస్థ చేసే ఈ బాడీలకు జనరల్ మోటార్స్ లైసెన్సు ఉంది. మస్టాంగ్‌కు కూడా దొరుకుతాయి. తక్కువ సంఖ్యలో తయారైన బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, మెర్క్యురీ కార్లకు ఆ భాగ్యం లేదు. వాటి ముందు గ్రిల్లు, వెనుక లైటు గాజు కోసం ఏళ్ల తరబడి వెతకాలి. కాబట్టి మొదటి కారుగా భాగాలు దండిగా దొరికే మోడల్ ఎంచుకోవాలి. ఇష్టం ఒకచోట, భాగాలు మరోచోట ఉంటే ఓపిక తెగిపోతుంది. వెతికేవారికి 1954 నుంచి వెలువడుతున్న హెమ్మింగ్స్ మోటార్ న్యూస్ పత్రిక, పెన్సిల్వేనియాలోని హెర్షీ, కార్లైల్ ఊళ్లలో జరిగే పాత భాగాల సంతలు పెద్ద ఆధారాలు. కొత్తగా అచ్చువేసిన క్రోమ్ ముక్క కన్నా సంతలో దొరికిన పాత ముక్కను పాలిష్ పట్టించుకోవడమే చాలాసార్లు బాగా కుదురుతుంది.

మామూలు రకం కారు మీద పూర్తి పునరుద్ధరణకు పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి రాదు. సొంత శ్రమను లెక్కలో వేసుకోకపోయినా ఇదే నిజం. లాభం కోసం చేయదలచినవారికి ఇది తగిన పని కాదు. ఇది చేసినందుకు తృప్తి, నేర్చుకున్నందుకు ఆనందం, ఆ కారు నడిపే భాగ్యం ఇచ్చే పని.

గుర్తింపు, చట్టం

డెట్రాయిట్ శివార్లలో 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. ఒకప్పుడు కంపెనీల ఇంజనీర్లే రాత్రిళ్లు పందేలు వేసుకున్న వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వేలాది పాత కార్లు బారులు తీరతాయి. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్లలో ఉంటూ కార్ల పరిశ్రమలో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ విద్య దగ్గరి నుంచి చూడాలనుకునే వారికి ఆ రోజు రోడ్డు పక్క కుర్చీ వేసుకు కూర్చున్న యజమానుల కంటే మంచి గురువులు దొరకరు. అడిగితే బానెట్ ఎత్తి చూపిస్తారు.

చట్టం విషయానికొస్తే, భారతదేశంలో 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. నంబరు పలక మీద వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రూ.20,000, పదేళ్ల తర్వాత పునర్నమోదుకు రూ.5,000. అయితే వాహనం అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదు. కొత్త తరం ఇంజను దింపిన కారు ఈ షరతు ముందు నిలవడం కష్టం.

అసలు రూపం విలువకు ప్రపంచమంతా ఎరిగిన రుజువు ఒక మస్టాంగ్. 1968లో వచ్చిన బులిట్ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన ఆ ముదురాకుపచ్చ కారు తర్వాత దశాబ్దాల పాటు ఒకే కుటుంబం దగ్గర ఉంది. దానికి కొత్త రంగు వేయలేదు, సొట్టలు తీయలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ప్రతి కారుకూ అలాంటి చరిత్ర ఉండదు. కానీ అసలు రంగు మూడొంతులు బతికున్న కారు ఎవరి చేతికైనా వస్తే ఎమెరీ కాగితం పట్టుకోకముందు దాన్ని బాగా ఎరిగిన మరొకరికి చూపించండి. రేకు కుళ్లిన కారు ఎక్కడైనా దొరుకుతుంది, మీ వెల్డింగు విద్య దాని మీద చూపండి.